పెద్దకూర లుఖ్మీలకు రెడ్ వైన్: మిరపకాయతో మొదలుపెట్టి సీసా దాకా

మన దగ్గర మద్యం దుకాణానికి పేరే ‘వైన్స్’. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఆ బోర్డులు చూసుకుంటూ వెళ్లవచ్చు. లోపలికి వెళ్లి నిజంగానే వైన్ అడిగితే మాత్రం కౌంటర్ వెనకున్న మనిషి ఒక్క క్షణం ఆగి, మనల్ని ఎగాదిగా చూసి, పై అరలో దుమ్ము పట్టిన సీసా ఒకటి దింపుతాడు. దాన్ని ఇంటికి తెచ్చుకుని, వేడివేడి లుఖ్మీల (ఖీమా కూరి మడిచే పలుచని రొట్టెల) పక్కన పెట్టి, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోకుండా తినడం తాగడం ఎలాగో చెప్పడానికే ఇదంతా.

నేను మొదటిసారి ఈ జోడీ పెట్టింది ఒక క్రిస్మస్ రాత్రి. బేకరీలో చెప్పి చేయించిన పెద్దకూర ఖీమా పఫ్‌లు రెండు డజన్లు, ఎవరో బహుమతిగా ఇచ్చిన కాబెర్నే సావిన్యో సీసా ఒకటి. ఎర్ర మాంసానికి ఎర్ర వైన్ అని ఎక్కడో చదివిన ధైర్యం. మొదటి గుక్కకే మా బావమరిది ముఖం ముడుచుకుపోయింది. “ఇది వైనా బావా, వక్క నానబెట్టిన నీళ్లా?” అన్నాడు. రెండో గుక్కకు అందరి నోళ్లూ భగ్గుమన్నాయి. మూడో గుక్క ఎవరూ తాగలేదు. సీసా మూలకు పోయింది, బీర్లు బయటికొచ్చాయి.

వైన్ మంచిదే. మాంసం లేతదే. పఫ్‌లో పడ్డది తేజ రకం మిరప కారం. దాని ముందు ఏ కాబెర్నే నిలబడుతుంది? మాంసాన్ని చూసి వైన్ ఎంచుకోమనే సూత్రం మిరపకాయ తక్కువగా తినే దేశాల్లో పుట్టింది. వరంగల్‌లో ముందు కారం చూసుకోవాలి, ఆ తర్వాత కొవ్వు, ఆ తర్వాతే మాంసం. కింది మెట్లన్నీ ఈ వరుసలోనే ఉంటాయి.

ముందుగా, మాంసం గురించి నాలుగు మాటలు

పెద్దకూర అని మనం పిలిచేది ఎక్కువగా బర్రె లేదా దున్న మాంసం. ఆవును, ఆవుదూడను కోయడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది, అది తెలంగాణలోనూ అమల్లో ఉంది. అందుకని ఇక్కడి వంటలో విదేశీ పుస్తకాల బీఫ్ లెక్కలు సరిగ్గా అతకవు. బర్రె మాంసం రంగులో ముదురు, కండలో కలిసిపోయిన కొవ్వు తక్కువ, నార ఎక్కువ. కొవ్వు తక్కువంటే వగరు వైన్‌ను మెత్తబరిచే సరుకు తక్కువని అర్థం. ఈ లోటు ఎలా పూడ్చుకోవాలో రెండో మెట్టులో చెబుతాను. మటన్ ఖీమాతో చేసుకునేవారికి కూడా ఈ పద్ధతంతా పనికొస్తుంది, కొవ్వు మాత్రం విడిగా వేయనక్కరలేదు.

ఉగాది పచ్చడి లెక్క

వైన్ రుచిని వర్ణించే విదేశీ పదాలు చూస్తే బెంబేలెత్తుతాం. టానిన్ అనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. మనకు ఆ బాధ లేదు. జామపిందె కొరికినప్పుడు, పచ్చి వక్క నమిలినప్పుడు, నేరేడు పండు తిన్నాక నాలుక గరుకుగా బిగుసుకుంటుంది చూడండి, అదే వగరు. రెడ్ వైన్‌లో టానిన్ చేసే పని అదే. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది, లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోటిలోని జారుడుతనాన్ని లాగేసుకుంటుంది.

ఇప్పుడు ఆరు రుచులూ లెక్కపెట్టండి. రెడ్ వైన్‌లో వగరు, పులుపు గట్టిగా ఉంటాయి. చేదు కొద్దిగా, తీపి ఇంకా కొద్దిగా. లేనివి రెండే, ఉప్పూ కారమూ. అవి లుఖ్మీలో ఉన్నాయి. పచ్చడి కుదరాలంటే ఆరింటిలో ఏదీ మిగతావాటి నెత్తిన ఎక్కకూడదు కదా, ఇక్కడా అంతే. వాటి మధ్య చుట్టరికాలు ఇలా ఉంటాయి. ఉప్పు, కొవ్వు కలిసి వగరును తగ్గిస్తాయి. వైన్‌లోని పులుపు నూనె జిడ్డును కోస్తుంది. తీపి పదార్థం తిని తాగితే వైన్ ఉన్నదానికంటే పుల్లగా తోస్తుంది. ఇక కారం, వగరు కలిస్తే గొడవే. పైగా మిరపలోని క్యాప్సైసిన్, వైన్‌లోని ఆల్కహాల్ నోట్లో ఒకే వేడి గ్రాహకాన్ని తట్టి లేపుతాయి. మంట మీద మంట అన్నమాట. ఆల్కహాల్ 14 శాతం దాటిన వైన్‌తో ఆ మంట మరీ స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి మెట్టు: మిరపకాయ

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిరప సీజన్‌లో వెళ్లినవారికి తెలుసు, గేటు దగ్గరే తుమ్ములు మొదలవుతాయి. అక్కడ రాశులు పోసిన రకాల్లో మనకు రెండింటితో పని. ఒకటి తేజ, సన్నగా కోసుగా ఉండి నాలుక మీద సూది గుచ్చినట్టు కాలుతుంది. రెండోది చపాటా, టమాటా మిర్చి అని కూడా అంటారు. పొట్టిగా, బుర్రగా, ఎర్రగా నిగనిగలాడుతుంది. రంగు దండిగా ఇస్తుంది, కారం తక్కువ. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చళ్లకు, రంగుకు దాన్ని వాడతారని అందరికీ తెలుసు. రెడ్ వైన్‌కు దానికన్నా నెమ్మదైన మిరపకాయ మన చుట్టుపక్కల లేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు, కనుక నేనే చెబుతున్నాను.

అర్జెంటీనాలో ఎంపనాడా అనే మాంసం కజ్జికాయ చేస్తారు. అందులో పడేది స్పెయిన్ వారి ఎర్రటి తీపి మిరపపొడి, రంగు ఎక్కువ, మంట తక్కువ. దానితో అక్కడివారు మాల్బెక్ అనే రెడ్ వైన్ తాగుతారు. మన చపాటా పొడి దాదాపు ఆ స్థానంలోకి సరిపోతుంది.

చపాటా కాయలు పది తీసుకుని ఎండలో ఒక పూట పెట్టండి. తొడిమ తీసి, చీల్చి, గింజలు అంటుకుని ఉన్న తెల్లటి ఈనె గీకేయండి. కారం ఎక్కువగా ఉండేది ఆ ఈనెలోనే, గింజలో అనుకోవడం పొరపాటు. పెనం మీద సన్న సెగన, రంగు మారకముందే దింపేసి, పొడి కొట్టుకోండి. నల్లబడితే చేదు వస్తుంది, ఆ చేదు వైన్‌లోని చేదుతో జతకడుతుంది, ఇక ఎవరూ దాన్ని విడదీయలేరు. ఇంట్లో ఉన్నది తేజ పొడే అయితే అర చెంచాకు మించి వేయకండి, మిగతా ఘాటు మిరియాలతో తెచ్చుకోండి. మిరియాల ఘాటు వేరే జాతి, దాని కథ షిరాజ్ అనే వైన్ దగ్గర వస్తుంది.

రెండో మెట్టు: ఖీమా

ఇరవై నాలుగు లుఖ్మీలకు అర కిలో ఖీమా. కొట్టించేటప్పుడు మరీ మెత్తగా వద్దని చెప్పండి. మెత్తటి ఖీమా ఉడికాక ఇసుకలా అవుతుంది, కొంచెం బరకగా ఉంటే పంటికి తగులుతుంది. అర్జెంటీనా ఉత్తర ప్రాంతమైన టుకుమాన్‌లో అయితే మిషను ముట్టుకోరు, మాంసాన్ని కత్తితోనే సన్నగా తరుగుతారు. మన కసాయి దుకాణంలో మొద్దు మీద కత్తితో కొట్టే ఖీమా దానికి దగ్గరి చుట్టం. ఓపిక ఉంటే అదే అడగండి.

కొవ్వు సంగతి ఇప్పుడు. యాభై గ్రాముల కొవ్వు విడిగా అడిగి తీసుకోండి, లేదా రెండు మూలుగ ఎముకలు తీసుకుని మూలుగ దులిపి కలపండి. అదీ కుదరకపోతే రెండు పెద్ద చెంచాల నెయ్యి. ఇది రుచి కోసమే కాదు, వైన్‌లోని వగరుకు మెత్తటి పరుపు వేయడానికి. కొవ్వు లేని ఖీమాతో కాబెర్నే తాగితే వక్క నీళ్లే గుర్తొస్తాయి, మా బావమరిది చెప్పినట్టు.

గిన్నెలో నెయ్యి, కొవ్వు కరిగాక మూడు ఉల్లిపాయల తరుగు వేసి బంగారు రంగు దాటి ఇటుక రంగు వచ్చేదాకా వేయించండి. ఇక్కడ తొందర వద్దు. ఇరవై నిమిషాలు పట్టనివ్వండి. ఆ వేగిన ఉల్లి తీపే తర్వాత వైన్‌లోని పండు వాసనను పలకరిస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, దాల్చినచెక్క చిన్న ముక్క, జీలకర్ర పొడి అర చెంచా, మిరియాల పొడి అర చెంచా, చపాటా పొడి రెండు చెంచాలు, ఉప్పు ఒక చెంచా. ఖీమా వేసి ముద్దలు లేకుండా విడగొట్టి, అర కప్పు నీళ్లు పోసి, మూత పెట్టి సన్న సెగన ముప్పై నలభై నిమిషాలు ఉడకనివ్వండి. బర్రె ఖీమా మటన్ కంటే ఆలస్యంగా మెత్తబడుతుంది.

గరం మసాలా, లవంగాలు, యాలకులు ఇందులో దంచి పోయకండి. బిర్యానీకి అవి శోభ. ఇక్కడ వైన్ వాసన మొత్తాన్ని మింగేస్తాయి. ధనియాల పొడి కూడా చిటికెడు చాలు.

చివర మూత తీసి, తేమ మొత్తం ఇగిరేదాకా వేపండి. అట్లకాడతో గిన్నె అడుగున ఒక గీత గీయండి. ఆ దారి మళ్లీ పూడకుండా అలాగే నిలిస్తే, అందులోకి నీరు కాకుండా మెరిసే కొవ్వు మాత్రమే ఊరితే, అయినట్టు. నీరు ఊరుతూ ఉంటే ఇంకా ఉంది. ఈ పరీక్ష దాటవేసినవారి లుఖ్మీలు నూనెలో పగులుతాయి. ఖీమాను పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా చల్లారనివ్వండి.

మూడో మెట్టు: పిండి, మడత

లుఖ్మీ అనే మాట ‘లుఖ్మా’ నుంచి వచ్చింది, అంటే నోటి ముద్ద. హైదరాబాద్ విందుల్లో పుట్టి పెరిగిన పలుచని చతురస్రపు ఖీమా రొట్టె ఇది. సమోసాకు తమ్ముడు, ఆలుగడ్డతో పనిలేనివాడు.

మైదా నాలుగు వందల గ్రాములు, ఉప్పు చెంచా, నెయ్యి ఎనభై గ్రాములు వేసి వేళ్లతో రుద్దండి. పిండి పిడికిట్లో బిగిస్తే ముద్ద నిలవాలి. రెండు పెద్ద చెంచాల పెరుగు, చల్లటి నీళ్లు సుమారు నూట యాభై మిల్లీలీటర్లు పోసి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. తర్వాత పూరీ మందాన ఒత్తి, మూడు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ముక్కలుగా కోసి, ఒక సగంలో ఖీమా పెట్టి, రెండో సగాన్ని మూతలా మడిచి, అంచులు ముళ్ల చెంచాతో నొక్కండి. లోపల గాలి మిగలకుండా అరచేత్తో ఒకసారి అదమండి.

నూనెలో వేయించాలా, ఓవెన్లో కాల్చాలా? వైన్ పరంగా ఇది చిన్న ప్రశ్న కాదు. నూనెలో వేగినదానికి జిడ్డు కోసే పులుపున్న వైన్ కావాలి. కాల్చినదానికి మెత్తటి వైన్ కూడా సరిపోతుంది. వేయించేటట్టయితే మధ్యస్థ సెగన ఆరేడు నిమిషాలు. ఓవెన్లో అయితే గుడ్డు సొన పూసి 200 డిగ్రీల వద్ద ఇరవై రెండు నుంచి ఇరవై అయిదు నిమిషాలు. నేను కాలుస్తాను. వేయించినవి రుచే, కానీ ఆరోది తినేసరికి వైన్ మీద మనసు పోతుంది, నిద్ర మీదికి మళ్లుతుంది.

నాలుగో మెట్టు: సీసా ఎంపిక

రెడ్ వైన్ అంటే మనలో చాలామందికి తెలిసింది గోవా నుంచి వచ్చే తియ్యటి పోర్ట్. దాన్ని తక్కువ చేయను, క్రిస్మస్ కేకుకు అది బంగారం. ఖీమాతో మాత్రం శరబత్తు కలిపినట్టుంటుంది. మనకు కావలసింది తీపి లేని రెడ్ వైన్. సీసా మీద ద్రాక్ష రకం పేరు ఉంటుంది, దాన్ని చదవడమే సగం పని.

షిరాజ్ ముందు. మన దేశంలో దండిగా పండే రెడ్ వైన్ ద్రాక్షల్లో ఇదొకటి, దొరకడమూ సులువే. దీని వాసనలో నల్ల మిరియాలు తగులుతాయని అందరూ అంటారు. అది కవిత్వం కాదు. షిరాజ్‌కూ మిరియాలకూ ఆ వాసన ఇచ్చే పదార్థం ఒకటే, పేరు రోటండోన్, 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని గుర్తించి బయటపెట్టారు. అందుకే పైన చెప్పిన ఖీమాలో మిరియాల పొడి వేయమన్నాను. మిరియం పళ్ల కింద నలిగిన క్షణంలో షిరాజ్ గుక్క వేస్తే రెండూ ఒకే ఇంటివాళ్లలా మాట్లాడుకుంటాయి. చపాటా లుఖ్మీకి ఒక్క సీసానే కొనగలిగితే నేను షిరాజే కొంటాను. 1999లో నాసిక్‌లో మొదలైన సులా సంస్థ షిరాజ్ వైన్లు రకరకాల ధరల్లో తెస్తుంది.

కాబెర్నే, షిరాజ్ కలిపిన వైన్లు తర్వాతి మెట్టు. బెంగళూరు దగ్గర నంది కొండల ప్రాంతంలో గ్రోవర్ జంపా వారు చేసే లా రిజర్వ్ ఈ కోవలోది. వగరు ఎక్కువ. మూలుగ కలిపిన ఖీమా ఉంటేనే దీని జోలికి వెళ్లండి. కొవ్వు బాగా పడినప్పుడు దీనికి సాటి లేదు, పడనప్పుడు దీనంత మొండిది లేదు. చెంబులోకో జగ్గులోకో ఒంపి అరగంట గాలి తగలనిస్తే కాస్త దారికి వస్తుంది.

నూనెలో వేయించిన లుఖ్మీలకు సాంజియోవేసే. ఇటలీ ద్రాక్ష, మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాటెలీ వారు పండిస్తున్నారు. దీని పులుపు చింతకాయ పులుపులా చురుగ్గా ఉండి జిడ్డును కడిగేస్తుంది. ఖీమాలో రెండు టమాటాలు వేసే అలవాటు ఉన్నవారు కూడా దీన్నే తీసుకోవాలి. టమాటా పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పబడిపోతుంది.

మాంసంలో ఆలుగడ్డ, ఉల్లి, స్వీడ్ అనే దుంప కలిపి, మసాలాగా మిరియాలు ఉప్పు తప్ప ఏమీ వేయకుండా చేసే పద్ధతి ఒకటి ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో ఉంది. పేరు కార్నిష్ పాస్టీ. అక్కడి తగరపు గనుల కార్మికులు దాన్ని జేబులో పెట్టుకుని లోపలికి దిగేవారు. మన సింగరేణి కార్మికుడు సద్ది పట్టుకుని బాయి దిగినట్టే. 2011లో దానికి యూరప్ భౌగోళిక గుర్తింపు దొరికింది, మాంసం కనీసం 12.5 శాతం, కూరగాయలు కనీసం 25 శాతం ఉండాలన్నది నియమం. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో కారం లేకుండా ఇలా ఒక పళ్లెం చేస్తే, పెద్దలకు దాని పక్కన మెర్లో పెట్టండి. మెత్తగా, గుండ్రంగా, ఎవరినీ నొప్పించని వైన్. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

మాల్బెక్ కథ రుచిగా ఉంటుంది. దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని కావోర్ ప్రాంతం. 1853లో మిషెల్ పుజే అనే ఫ్రెంచి వ్యవసాయ శాస్త్రవేత్త చొరవతో అర్జెంటీనాలోని మెండోజా చేరింది. పుట్టింట్లో కంటే మెట్టినింట్లో వెలిగిన కోడలు అది. ఎత్తయిన పొడి నేలలో, ఎండలో పండి, నేరేడు రంగు తెచ్చుకుంది. మెండోజా మాల్బెక్‌లో వగరు ఉన్నా గుచ్చదు. ఖీమాలో జీలకర్ర పెంచి, ఉడికిన గుడ్డు ముక్కలు, నాలుగు ఆలివ్‌లు వేసి ఎంపనాడాలా చేస్తే దీన్ని మించినది లేదు. దిగుమతి సరుకు కనుక ధర ఎక్కువ, మామూలు దుకాణంలో అడిగితే నవ్వుతారు. పెద్ద దుకాణాల్లో వెతకండి, దొరకకపోతే షిరాజ్‌తో సరిపెట్టుకోండి, నష్టం లేదు.

ఇక తేజ కారం వేసిన బేకరీ పఫ్. దీనికి వగరు తక్కువగా, పండు రుచి ఎక్కువగా ఉన్నదే కావాలి. జిన్‌ఫండెల్ అనే ద్రాక్షతో చేసిన వైన్ ఫరవాలేదు, బాగా చల్లబరిస్తే. సీసా మీద ఆల్కహాల్ శాతం చూసి 13 లోపు ఉన్నది ఎంచుకోండి. నిజం చెప్పాలంటే ఆ పఫ్‌కు చల్లటి బీరో, ఉప్పు వేసిన మజ్జిగో మేలు. అన్నిటికీ వైన్ అంటగట్టాలన్న మొక్కు ఏదీ లేదు.

కొనేటప్పుడు సీసాను వెలుతురులో తిప్పి చూడండి. కార్కు మూత పైకి పొడుచుకొచ్చినా, మూత చుట్టూ జిగురుగా వైన్ కారిన చార ఉన్నా, అది ఎండ దెబ్బ తిన్న సరుకు. నేను ఒకసారి మే నెలలో, దుకాణం ముందు అద్దాల అరలో నిలబెట్టిన సీసా కొన్నాను. తెరిస్తే పండు వాసన పోయి, ఉడికిన కిస్‌మిస్ వాసన వచ్చింది. అప్పటి నుంచి “అన్నా, లోపల అట్టపెట్టెలో ఉన్నది ఇవ్వు” అని అడుగుతాను. ఇస్తారు. నాసిక్ వైపు ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి మధ్య జరుగుతుంది, సీసా మీది సంవత్సరం ఆ కోతది. మామూలు ధర రెడ్ వైన్ రెండు మూడేళ్ల లోపుది తీసుకోవడమే క్షేమం, పాతబడ్డకొద్దీ బాగుపడుతుందన్న మాట దానికి వర్తించదు. మరతిప్పే మూత ఉన్నంత మాత్రాన చవకబారు వైన్ అని కూడా అనుకోకండి. మన ఎండలకు, కార్కు తీసే పరికరం లేని మన వంటిళ్లకు అదే హాయి.

అయిదో మెట్టు: చల్లదనం

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలని పుస్తకాల్లో ఉంటుంది. ఏ గది? ఆ మాట రాసినవారి గది రాతిగోడల చలిగది, 16 నుంచి 18 డిగ్రీలు. మన గది మే నెలలో 38. ఆ వేడిలో రెడ్ వైన్ పోస్తే ముక్కుకు ఆల్కహాల్ ఆవిరి తప్ప ఏమీ అందదు, నోట్లో కషాయంలా ఉంటుంది. ఎవరేమన్నా సరే, రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టండి.

రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఎండాకాలంలో వడ్డనకు అరగంట ముందు, చలికాలంలో గంట ముందు బయటికి తీస్తే సరిపోతుంది. అంత ముందుచూపు లేకపోతే బకెట్‌లో ఐసు, నీళ్లు కలిపి సీసాను మెడ దాకా ముంచండి, పావుగంట చాలు. ఐసు ఒక్కటే పోస్తే కుదరదు, ముక్కల మధ్య గాలి ఉండిపోతుంది. నీళ్లు సీసా చుట్టూ అంటుకుంటేనే చలి లోపలికి దిగుతుంది. సీసా చేతికి కుండనీళ్లంత చల్లగా తగలాలి, బీరులా చేతివేళ్లు కొంకర్లు పోనక్కరలేదు. మరీ చల్లబడితే వగరు రెట్టింపుగా తెలుస్తుంది. కారం ఎక్కువున్న పఫ్‌తో అయితే ఇంకొక రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉన్నా ఇబ్బంది లేదు, జిన్‌ఫండెల్ దాన్ని ఓర్చుకుంటుంది.

గ్లాసులో మూడో వంతే పోయండి. మిగతా ఖాళీ వాసనకు. పైగా వేసవి రాత్రి గ్లాసులో పోసిన వైన్ పది నిమిషాల్లో వేడెక్కుతుంది, కొంచెం కొంచెం పోసుకుంటే ఆ బాధ తప్పుతుంది. పొట్ట వెడల్పున్న గాజు గ్లాసు ఏదైనా సరే. చాయ్ గ్లాసులో మాత్రం వద్దు, వాసన నిలవదు.

ఆరో మెట్టు: ఒక ముక్క, ఒక గుక్క

అతిథుల ముందు పెట్టడానికి ముందు మీరొక్కరే వంటింట్లో ఈ పరీక్ష చేయండి. లుఖ్మీ నూనె నుంచో ఓవెన్ నుంచో తీశాక ఎనిమిది నిమిషాలు ఆగండి. పొగలు కక్కేది నాలుకను కాల్చి రుచే తెలియనివ్వదు.

ముందు ఖాళీ నోటితో ఒక చిన్న గుక్క. నాలుక పక్కలు ఎంత బిగుసుకున్నాయో గమనించండి. తర్వాత లుఖ్మీ మూలను కొరకండి. ముందు పొర విరుగుతుంది, మైదా పొట్టు పెదవికి అంటుతుంది, అప్పుడు నేతిలో మగ్గిన ఉల్లి తీపి, వెనకాలే మిరియం. సగం నమిలాక, పూర్తిగా మింగకముందే, రెండో గుక్క వేయండి. మొదటి గుక్కలో ఉన్న వగరు ఇప్పుడు తగ్గిందా? పండు వాసన ముందుకొచ్చిందా? ఖీమా ఇంకాస్త మాంసంగా తోచిందా? మూడింటికీ అవును అంటే జోడీ కుదిరింది.

కుదరకపోతే ఏం చేయాలో వగరు, పులుపు, మంట చెబుతాయి. వగరు ఇంకా గుచ్చుతుంటే లుఖ్మీ పైన వేడిగా ఉండగానే వెన్న రాసి, చిటికెడు ఉప్పు జల్లండి. వైన్ మరీ పుల్లగా ఉంటే పళ్లెంలో తీపి ఎక్కడ దాగుందో వెతకండి, చాలాసార్లు అది సాస్. నోరు మండుతుంటే వైన్‌ను ఇంకా చల్లబరచండి, పక్కన గడ్డ పెరుగు పెట్టండి. వైన్ చప్పగా నీళ్లలా ఉంటే మీ మసాలా గెలిచిందని అర్థం, ఆ పూటకు వైన్‌ను తిండి తర్వాత విడిగా తాగండి.

పక్కన ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

లుఖ్మీ అంటే పక్కన నిమ్మచెక్క, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, పుదీనా చట్నీ ఉండాలన్నది మన అలవాటు. ఆ మూడూ ఈ ఒక్క పూటకు పక్కన పెట్టండి. నిమ్మ పిండితే మెర్లో లాంటి వైన్ చచ్చిపోతుంది. పచ్చి ఉల్లి ఘాటు గంటసేపు నోట్లో ఉంటుంది. పుదీనా వచ్చిందంటే షిరాజ్ వాసన ఎటు పోయిందో వెతుక్కోవాలి. తియ్యటి టమాటా సాస్ సంగతి పైన చెప్పాను. బదులుగా పెనం మీద నల్లబడేలా కాల్చిన ఉల్లిపాయలు, వేయించిన పల్లీలు, ఉప్పు నీళ్లలో ఊరిన ఆలివ్‌లు, గడ్డ పెరుగులో వెల్లుల్లి ఉప్పు కలిపినది పెట్టండి. అత్తగారు నిమ్మకాయ అడిగితే ఇవ్వండి, వైన్ కోసం ఇంట్లో గొడవ పడకండి.

ఆరుగురికి ఇరవై నాలుగు లుఖ్మీలు, రెండు సీసాలు సరిపోతాయి. ఒక సీసా 750 మిల్లీలీటర్లు, అంటే అయిదు గ్లాసులు. రెండు రకాల లుఖ్మీలు చేస్తే కారం తక్కువది ముందు, ఎక్కువది తర్వాత. వైన్లు కూడా అదే వరుస, మెర్లో ముందు, షిరాజ్ తర్వాత. తిరగేస్తే మెర్లో నీళ్లలా అనిపిస్తుంది. తాగేవారికి ఇరవై ఒకటి నిండి ఉండాలన్నది ఇక్కడి చట్టం, బండి తాళాలు ఎవరి దగ్గరుండాలో సీసా తెరవకముందే తేల్చుకోండి.

మిగిలిన వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే మూడు రోజులు నిలుస్తుంది. నేనైతే దాన్ని తాగను. మర్నాడు ఖీమా వేపేటప్పుడు, ఉల్లి ఇటుక రంగుకొచ్చాక ఒక చిన్న గ్లాసుడు షిరాజ్ పోసి, గిన్నె అడుగున అంటుకున్నదంతా గీకి, చుయ్‌మన్న శబ్దం ఆగేదాకా ఇగరనిచ్చి, అప్పుడు ఖీమా వేస్తాను. ఆ ఖీమాతో చేసిన లుఖ్మీలకు అదే షిరాజ్ కొత్త సీసా తెరిచిన రోజు మా బావమరిది మళ్లీ వచ్చాడు. వక్క మాట ఎత్తలేదు. నాలుగోది తింటూ, “ఇందులో ఏం వేశావు బావా?” అని అడిగాడు.